జాబితాలో చివరి పేరు

ఆ రోజు అడిగినప్పుడు "లేదండి" అనకుండా ఉంటే ఏమయ్యేది అన్న ఆలోచన, పదవీ విరమణకు వారం రోజులు మిగిలి ఉండగా, శ్రీ కడలి చంద్రరావు గారిని మళ్ళీ పట్టుకుంది. బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే నియామకపు ఉత్తర్వు చేతికి తగిలింది: 1972 ఆగస్టు 16, బుధవారం, డెల్టా కాలువల రైతు సమాఖ్య, నరసాపురం, ఉద్యోగం టైపిస్టు. ఆ కాగితం అందుకున్న ఇరవై మూడేళ్ళ యువకుడికీ ఆయనకూ మధ్య ముప్పై అయిదేళ్ళ మచ్చలేని సేవ ఉందని మేమందరం అనుకుంటాం. ఆయన మనసు మాత్రం 2003 ఫిబ్రవరిలో పలికిన ఆ ఒక్క మాట దగ్గరే ఆగుతుంది. ఈ అభినందన సంచికలో ఆ సంగతి దాచకుండా రాయమని ఆయనే కోరారు.

తొలి ఇరవై ఏళ్ళూ ఆయన లోకం టైపు మిషనూ స్టెన్సిల్ కాగితమూ. కొత్తగా చేరిన ప్రతివారికీ టైపు నేర్పింది ఆయనే గనుక, మేనేజరు గారి నుంచి నౌకరు దాకా అందరికీ ఆయన "మాస్టారు" అయ్యారు. "చివరి వరుస కొట్టాక చెయ్యి ఆపెయ్యాలి, ఇంకో వరుసకి తిప్పావంటే స్టెన్సిల్ జారి ముడత పడుద్ది" అన్నది ఆయన మొదటి పాఠం. 1993లో కార్యాలయానికి కంప్యూటర్ వచ్చినప్పుడు, నలభై నాలుగేళ్ళ వయసులో, చిన్నవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. 2000లో, ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీ నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చారు. నలభై రెండు ఊళ్ళ నీటి వంతుల జాబితాలు అప్పటి నుంచి అందులోంచే అచ్చవుతున్నాయి.

2003 దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్ళు తక్కువ. వంతు వచ్చిన రైతుకే నీళ్ళు. జాబితాలో పేరు లేకపోతే వంతు లేనట్టే. ఆ ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం మొగల్తూరు వైపు నుంచి వీరమ్మ అనే రైతు జాబితా కాగితం పట్టుకుని నేరుగా మేనేజరు ముదునూరి అమ్మిరాజు గారి గదిలోకి వచ్చింది.

"మా పేరు ఎగరగొట్టేశారేంటండీ? లస్కరు ఈ కాయితం చూసి మా బోదెలోకి నీళ్ళు వదల్లేదు. కాలవలో చివరన ఉన్నామని కాయితంలోంచి కూడా తోసేత్తారా?"

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. ప్రతి ఊరి జాబితాలోనూ కాలువ మొదటి నుంచి చివరిదాకా వరసగా పేర్లుంటాయి. ప్రతి ఊరిలోనూ సరిగ్గా చివరి పేరే పోయింది. ఎప్పుడూ అందరికంటే ఆఖరున నీళ్ళు అందే నలభై రెండు మంది శివారు రైతులు, ఈసారి కాగితం మీద కూడా లేకుండా పోయారు.

అమ్మిరాజు గారు జాబితాలు టైపు చేసే రూతు గారిని పిలిచారు. "ఏంటమ్మా, ఊరికొకళ్ళని మింగేశావా?"

"అన్నీ కొట్టానండీ. ఫైలు తెరిచి చూడండి."

చంద్రరావు గారు తెరిచి చూపించారు. వీరమ్మ పేరు ఫైల్లో ఉంది.

"ఫైల్లో ఉంటే అచ్చులో ఎందుకు లేదు? గొడవయ్యాక చేర్చేసి ఉంటుంది," అని అమ్మిరాజు గారు చంద్రరావు గారి వైపు తిరిగారు. "మీరేమన్నా మెషీన్లో మార్చారా మాస్టారూ?"

మార్చారు. ఊళ్ళ జాబితాలన్నిటినీ ఒక్కటిగా కలిపే చిన్న ప్రోగ్రాం ప్యాకేజిని శనివారం మధ్యాహ్నమే, జాబితాలు అచ్చువేసే ముందు, కొత్త వెర్షన్‌కి మార్చారు. సర్వర్లో ఏ మార్పు చేసినా మార్పుల రిజిస్టరులో రాసి మేనేజరు చేత సంతకం పెట్టించాలన్నది నియమం. ఆ రోజు మేనేజరు గారు పెళ్ళికని తుని వెళ్ళారు. సోమవారం రాయొచ్చులే అనుకున్నారు చంద్రరావు గారు.

"లేదండి," అన్నారు చంద్రరావు గారు.

ఫైలు మీద ఉన్న తేదీ చూపిస్తే రూతు గారు తర్వాత ఏమీ చేర్చలేదని అక్కడికక్కడే తేలేది. కానీ అప్పుడు వేలు మెషీన్ వైపు తిరిగేది, మెషీన్ నుంచి ఆయన వైపు తిరిగేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే ఆయన చెయ్యి కదలలేదు. సాయంత్రానికి రూతు గారికి మెమో అందింది: నిర్లక్ష్యం, ఆపై కప్పిపుచ్చుకునే ప్రయత్నం.

తర్వాతి మూడు రోజులూ ఆయన ఆ తప్పును వెతికిన తీరు, మా కంప్యూటర్ విభాగం ఇప్పటికీ పాఠంలా చెప్పుకుంటుంది. నలభై పేర్ల ఫైలును పదికి కుదించారు, పదిని మూడుకి. మూడో పేరు మాయమవుతూనే ఉంది. మూడో పేరు తర్వాత ఎంటర్ నొక్కితే తిరిగి వచ్చింది. పాత వెర్షన్ పెట్టి చూస్తే ఎంటర్ లేకపోయినా పేరు నిలిచింది. అంటే, చివర ఎంటర్ లేని వరుసను కొత్త వెర్షన్ వరుసగానే లెక్కపెట్టడం లేదు. రూతు గారు చివరి వరుస తర్వాత చెయ్యి ఎందుకు ఆపుతారో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు; ఆ మొదటి పాఠం ఆయనదే.

పాత వెర్షన్‌తో కొత్త జాబితాలు అచ్చువేయించారు. నాలుగో రోజున వీరమ్మ చేలోకి నీళ్ళు వెళ్ళాయి, చేను బతికింది. అప్పుడాయన ఆ ప్యాకేజిని తయారుచేసేవారికి బగ్ రిపోర్టు రాయడానికి కూర్చున్నారు. అందులోని ప్రశ్నలు చాలా మామూలువి. మీరేం చేశారు? ఏం జరగాలనుకున్నారు? ఏం జరిగింది? ఇంతకు ముందు ఏమైనా మార్చారా? ఎవరి తప్పు అన్న ప్రశ్న ఎక్కడా లేదు. అది లేకపోవడం వల్లనేమో, ఆయన చెయ్యి ఎక్కడా తడబడలేదు. శనివారం నాడు నేనే వెర్షన్ మార్చాను అని రాసి, మూడు పేర్ల ఫైలు జతచేసి, తన పేరు పెట్టి పంపారు. రెండు రోజులకు ముఖం తెలియని మనిషెవరో జవాబిచ్చారు: తప్పు నిజమే, ఇంత చిన్న ఉదాహరణ పంపినందుకు కృతజ్ఞతలు, వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాం.

ఆ జవాబు ఆయన రూతు గారికి చూపించారు. "నీ తప్పు కాదమ్మా. బగ్గు ప్యాకేజిలో ఉంది."

"నాకు తెలుసు మాస్టారూ. తెలియాల్సింది మెమో ఇచ్చినాయనకి."

"చెప్తాను."

ఆ "చెప్తాను" నాలుగేళ్ళు సాగింది. ఎందుకని ఆయన తనను తానే చాలాసార్లు ప్రశ్నించుకున్నారు. భయం కొంత, కానీ భయమొక్కటే కాదు. నిజాన్ని ఎక్కడో ఒకచోట చెప్పేశాక, మనసు తేలికపడి, చెప్పాల్సిన చోటును మరిచిపోయింది. ఇంటర్నెట్‌లో, లోకంలో ఎవరైనా చదవగలిగే చోట, ఆయన ఒప్పుకోలు ఆయన పేరుతోనే ఉంది. పక్క గదిలో మాత్రం లేదు. ఈ నాలుగేళ్ళలో ఆయన మరో పదకొండు బగ్ రిపోర్టులు రాశారు, ప్రతిదీ "నేను చేసినది" అనే మొదలుపెట్టారు. కుర్రవాళ్ళకు అలాగే నేర్పారు. ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేసేవారు.

ఈ జూలైలో ఆయన ఖాళీ చేయబోయే స్థానానికి రూతు గారి పేరు పరిశీలనకు వచ్చింది. ఎంపిక సంఘం సమావేశం 27న. "పనిలో వంక పెట్టలేం, కానీ ఫైల్లో ఆ మెమో ఉందిగా. బయటి మనిషినే చూద్దాం," అని అమ్మిరాజు గారు అనడం, గుమ్మంలో నిలబడిన చంద్రరావు గారు విన్నారు. తన గదికి వెళ్ళారు. 24వ తేదీ ఉదయం 2003 నాటి రిపోర్టును అచ్చు తీసి, మార్పుల రిజిస్టరుతో పాటు మేనేజరు గారి బల్ల మీద పెట్టారు. శనివారం సంగతంతా చెప్పారు.

అమ్మిరాజు గారు చాలాసేపు కాగితం చదివారు. "వారంలో సన్మానం పెట్టుకుని ఇప్పుడిదేంటండీ మాస్టారూ? సరే, మెమో తీసేస్తాను. మీరు మాత్రం ఇదిగో, ఆ ఫిబ్రవరి పేజీలో కింద ఖాళీ ఉంది. పాత తేదీ వేసి ఇరికించెయ్యండి. ఎవరికీ తెలీదు."

"ఇవాళ్టి తేదీయే వేస్తానండి," అన్నారు చంద్రరావు గారు. "రూతుని కూడా పిలవండి. ఆవిడ ముందే రాస్తాను."

రూతు గారు వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. 

సతీమణి శ్రీమతి శ్యామలాంబ గారి తోడుతో, కంటిచూపు తగ్గకుండా, కంటినిండా నిద్రతో, మనసుకు నచ్చిన పని చేతిలో ఉంచుకుని, చంద్రరావు గారు ఇంకా ఎన్నో దాళ్వాలు, ఎన్నో సార్వాలు ఆరోగ్యంగా చూడాలని మా సమాఖ్య ఉద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం.

ఆ ఉదయం ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, కొత్త పేజీ తిప్పి, 24-7-2007 అని వేశారు. "8-2-2003 శనివారం నాడు ప్యాకేజి వెర్షన్ మార్చినది నేను," అని రాసి, సంతకం పెట్టారు.