గడియారం ఆపిన పూట: శ్రీ రూఫస్ టిబ్బెట్ గారి ద్వారపాలకత్వం

1893వ సంవత్సరం జనవరి రెండవ తేదీ సోమవారం ఉదయం, మోకాలిలోతు మంచులో నడిచి వచ్చి, మన రాష్ట్ర శాసనసభ భవనపు ఉత్తర ద్వారం దగ్గర బూట్లు దులుపుకుని, సహాయ ద్వారపాలకులుగా కొలువులో చేరిన శ్రీ రూఫస్ టిబ్బెట్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున ఆయన అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, ఈ ఉద్యోగంలోంచి మనుషుల్ని ఎప్పుడు తీసేస్తారని. ఎన్నికలు జరిగిన ప్రతిసారీ అని అప్పటి ప్రధాన ద్వారపాలకులు నవ్వుతూ జవాబిచ్చారట. ఆ నవ్వు విన్ననాటి నుంచి టిబ్బెట్ గారి గుండె కుదుటపడిన దాఖలా లేదు. ఆయన పిరికివారని ఈ భవనంలో అందరికీ తెలుసు. ఆయన కూడా ఏనాడూ కాదనలేదు.

తొలి ఆరేళ్ళూ ఆయన విధులు సామాన్యమైనవి. తలుపులు తీయడం, వేయడం, గౌరవ సభ్యుల టోపీలు అందుకోవడం, వారు ఉమ్మిన చోట ఇసుక చల్లించడం, సభామందిరం వెనుక గోడకు ఎత్తుగా ఉన్న పెద్ద గడియారానికి వారానికొకసారి నిచ్చెన వేసి తాళం తిప్పడం. ఈ చివరి పని ఆయనకు అప్పగించిన కారణం ఒక్కటే. బక్కపలచటి మనిషి కనుక నిచ్చెన విరగదని. పైకెక్కితే కళ్ళు తిరుగుతాయని ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్పుకుంటే ఆ నెపంతోనే ఇంటికి పంపుతారని.

ఈనాటి యువ సహోద్యోగులకు తెలియదు గనుక ఒక మాట చెప్పవలసి ఉంది. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లోని సెనేట్‌కు మన తరఫున వెళ్ళే ఇద్దరినీ ఎన్నుకునేది ప్రజలు కాదు, ఈ మందిరంలో కూర్చునే శాసనసభ్యులు. ఖాళీ వచ్చిందంటే ఉభయసభలూ ఒకచోట చేరి, ఎవరో ఒకరికి ఆధిక్యం వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం ఓటు వేయవలసిందే. సభ గడువు మాత్రం చివరి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి తీరిపోతుంది. అప్పటికి పని తెమలకపోతే ఏం చేయాలి? గడియారం ఆపాలి. స్పీకర్ గారు కనుసైగ చేస్తారు, ద్వారపాలకుడు నిచ్చెన ఎక్కి లోలకాన్ని పట్టుకుంటాడు, పన్నెండు కొట్టడం మానేస్తుంది. మన నదిమీది వంతెనా, పిచ్చాసుపత్రీ, సగం పన్నులూ ఆగిన గడియారం కింద పుట్టినవే. చదువుకున్న పెద్దలెవరూ దాన్ని అబద్ధం అనుకోలేదు. వారి లెక్కలో గడియారం ఆగితే పొద్దు ఆగినట్టే.

1899లో ఒక సెనేట్ స్థానం ఖాళీ అయింది. రైలు కంపెనీల దన్నుతో కర్నల్ గ్రీన్‌లీఫ్ గారు, గనుల యజమానుల దన్నుతో జడ్జి మార్చ్‌బ్యాంక్స్ గారు దానికోసం తలపడ్డారు. జనవరి నుంచి మార్చి దాకా రోజూ ఓట్లు వేశారు, రోజూ తెగలేదు. రాష్ట్రసేవ పేరుతో ఆ శీతాకాలంలో ఈ భవనంలో తాగిన విస్కీతో మన వంతెన కింద ఇంకో నది పారేది. చివరి వారం వచ్చేసరికి సభ్యులు ఓవర్‌కోట్లు విప్పడం మానేశారు. టోపీలు అందుకునే టిబ్బెట్ గారికి ఆ కోట్లు ఒకవైపుకు ఎందుకు వేలాడుతున్నాయో అర్థమైంది. పిస్తోళ్ళ బరువు అది. ఆ రాత్రి ఇంట్లో ఆయన భోజనం ముట్టలేదని ఆయన భార్య శ్రీమతి హల్డా గారు చెబుతారు.

చివరి రోజున కర్నల్‌కు ఇంకా కొద్ది ఓట్లు తక్కువ. వ్యవధి దొరికితే అవి వచ్చేలా ఉన్నాయి. జడ్జికి గెలిచే బలం లేదు, గడువు తీరితే చాలు, వచ్చే సభలో చూసుకుంటాడు. స్పీకర్ కర్నల్ మనిషి. పన్నెండు కావస్తుండగా ఆయన కనుసైగ చేశారు. టిబ్బెట్ గారు నిచ్చెన ఎక్కి లోలకం పట్టుకున్నారు. చూపులన్నీ ఆయన వీపు మీదే ఉన్నాయి, ఆ వీపుకు ఏ అడ్డూ లేదు.

జడ్జి గారి అనుచరుడు డాబ్నీ తాపీగా నడిచి వచ్చి నిచ్చెన కింద నిలబడి, కోటు గుండీ ఒకటి విప్పాడు.

"దిగు రూఫస్," అన్నాడు మెత్తగా. "ఆ లోలకాన్ని వదిలేసి దిగిపో. ఇంట్లో మీ ఆవిడ సూప్ చల్లారిపోతోంది."

"దిగాలనే ఉందయ్యా. కాళ్ళు రావట్లేదు."

"నేను దింపుతాలే. ఎలా దింపుతానో అడుగు."

"అడగదలచుకోలేదు."

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. స్పీకర్ బల్ల చరిచి ఓటింగ్ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఓటు మీద ఓటు, పేరు మీద పేరు. లోలకం వదిలితే కర్నల్ మనుషులు చంపుతారు, వదలకపోతే డాబ్నీ చంపుతాడు. ఈ రెంటి మధ్యా టిబ్బెట్ గారు నిచ్చెనను కరుచుకుని నిలబడిపోయారు. చేతులు తిమ్మిరెక్కాయి. కిటికీల్లో వెలుగు పసుపై, ఎరుపై, బూడిదైంది. స్పీకర్ బల్ల దగ్గర దీపాలు వెలిగించారు, వెనుక గోడ చీకట్లోనే ఉండిపోయింది. అప్పటికి కర్నల్‌కు కావలసిన ఓట్లు పడ్డాయి. జయజయధ్వానాలు మిన్నుముట్టాయి. గౌరవ సభ్యులందరూ హోటల్‌కు పోయాక, నిచ్చెన మీద ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పత్రికలు ఆయన్ను వీరుడన్నాయి. "భయంతో బిగుసుకుపోయానయ్యా, అంతే" అని ఆయన అందరికీ చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

జడ్జి పక్షం ఊరుకోలేదు. ఎన్నిక గడువు దాటాక జరిగిందని సెనేట్‌కు ఫిర్యాదు చేసింది. విచారణకు ముగ్గురు సెనేటర్లు మన ఊరొచ్చి హోటల్ భోజనశాలలో బల్ల వేసుకుని కూర్చున్నారు. పెద్దలందరూ వరుసగా బైబిల్ మీద చెయ్యి పెట్టి, పన్నెండు లోపే ఓటు వేశామని ప్రమాణం చేశారు. గడియారం అలాగే చూపించింది కదా. చివరికి మిగిలింది ఆ గడియారాన్ని పట్టుకున్న చెయ్యి. కర్నల్ గారి గుమాస్తా టిబ్బెట్ గారిని పిలిచి, పెద్దలు చెప్పిందే చెప్పాలని, లేకపోతే ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఉండవని నచ్చజెప్పాడు. అదే వారంలో ఆయన కోటు జేబులో ఎవరో ఒక పిస్తోలు గుండు పెట్టి పోయారు. అది ఎవరి తరఫుదో చీటీ ఏమీ లేదు, అక్కర్లేదు కూడా.

"గడియారం ఏం చూపించిందో అదే చెప్పవయ్యా," అన్నారు హల్డా గారు, బీన్స్ గిన్నె ఆయన ముందుకు తోస్తూ. "అది అబద్ధమెలా అవుతుంది?"

"అదే చెప్తాను," అన్నారాయన. అదే చెప్పాలని నిజంగానే అనుకున్నారు. దారి పొడుగునా వల్లె వేసుకున్నారు.

విచారణలో ఉన్న ఒక ముసలి సెనేటర్ గడియారం ఊసే ఎత్తలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "నిచ్చెన దిగేటప్పుడు మెట్లు కనిపించాయా?" అని అడిగారు.

టిబ్బెట్ గారికి ఉచ్చు కనిపించింది. కనిపించాయి అంటే సరిపోతుంది, ఇంటికి వెళ్ళిపోవచ్చు. గోడవారన డాబ్నీ ఉన్నాడు, కిటికీ దగ్గర గుమాస్తా ఉన్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని, సరిగ్గా అప్పుడే ఆనాటి మెట్లు ఒక్కొక్కటిగా అరికాళ్ళకు తగిలాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

"లేదండీ," అన్నారు. "చీకటిగా ఉంది. కాలితో తడుముకుంటూ దిగాను. పడిపోతానని భయమేసింది."

పట్టపగలు పన్నెండింటికి చీకటెక్కడిది? ఆ ముక్కతో కర్నల్ గారి ఎన్నిక చెల్లకుండా పోయింది. రెండేళ్ళు మన రాష్ట్రానికి సెనేట్‌లో ఒక్కరే ప్రతినిధి, రెండో కుర్చీ ఖాళీ. పక్క రాష్ట్రాలవారు మనల్ని ఒంటికన్ను రాష్ట్రమని ఎగతాళి చేశారు. తీర్పు వచ్చిన సోమవారమే టిబ్బెట్ గారి ఉద్యోగం ఊడింది. చర్చిలో ఆయన కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఆయన గుర్రాలశాలలో పేడ ఎత్తి ఇల్లు నడిపారు. పొద్దు వాలకముందే సందుల్లోంచి ఇల్లు చేరేవారు. ఒక సాయంత్రం కిటికీ బద్దలై రాయి వంటింట్లో పడితే ఆయన బల్ల కిందకు దూరారు. హల్డా గారు మాత్రం ఆ రాయి కడిగి, క్యాబేజీ ఊరబెట్టిన జాడీ మీద బరువుకు సరిగ్గా సరిపోయిందని పెట్టుకున్నారు.

1901లో జడ్జి పక్షం సభను గెలుచుకుంది. జడ్జి గారు ఆ ఖాళీ కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్నారు. ఆ ఆరేళ్ళలో రాష్ట్రానికి ఏం చేశారో తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు. టిబ్బెట్ గారిని తిరిగి కొలువులోకి పిలిచారు. డాబ్నీ ద్వారం దగ్గరే ఎదురొచ్చి, నువ్వు మావాడివని ముందే తెలుసంటూ చెయ్యి చాచాడు.

"అప్పుడూ మీరంటే భయపడ్డాను, ఇప్పుడూ భయపడుతున్నాను డాబ్నీ," అన్నారు టిబ్బెట్ గారు. "అంతకుమించి మీకూ నాకూ చుట్టరికం లేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఒక అడుగు వెనక్కి వేశారని పక్కనున్నవారు చెబుతారు. వెనక్కి వేసినా మాట పూర్తి చేశారు.

1908లో ఆయన ప్రధాన ద్వారపాలకులయ్యారు. తర్వాత ఐదేళ్ళకు రాజ్యాంగం సవరించి, సెనేటర్లను ప్రజలే ఎన్నుకునేలా చేశారు. ప్రజలు ఎన్నుకున్నవారు మహానుభావులని ఎవరూ అపోహపడనవసరం లేదు, మరుసటి ఏడాది జరిగిన మొదటి ఎన్నికలోనే ఆ సంగతి తేలిపోయింది. అయినా ఆ రోజు అగ్నిమాపక కేంద్రం దగ్గర వరుసలో నిలబడి ఓటు వేసి వచ్చి, ఇక ఈ పనికి ఎవరూ నిచ్చెన ఎక్కనక్కర్లేదని టిబ్బెట్ గారు అన్నారు.

తూర్పు వసారాలో మన సెనేటర్ల చిత్రపటాలన్నీ వరుసగా ఉన్నాయి. రాష్ట్రం ఏర్పడినప్పుడు ఎవరికి ఎన్నేళ్ళ పదవో చీట్లు వేసి పంచుకున్న మొదటి ఇద్దరి నుంచి ఇప్పటివారి దాకా, ఎక్కడా ఎడం లేకుండా ఒకరి పక్కన ఒకరిని బిగించారు. చూసేవారికి మన చరిత్రలో ఖాళీ అన్నదే కనిపించదు. బడిపిల్లల్ని తిప్పి చూపించే పని టిబ్బెట్ గారిది. రెండు పటాల మధ్య ఆగి, "ఇక్కడ రెండేళ్ళు ఎవరూ లేరు" అని ఆయన ప్రతిసారీ చెబుతారు. ఆ మాట మానుకోమని పైనుంచి రెండుసార్లు తాఖీదు వచ్చింది. మానలేదు. ముందు అటూ ఇటూ చూస్తారు, గొంతు తగ్గిస్తారు, చెబుతారు.

ఇప్పటికీ వెనుక నుంచి ఎవరైనా "టిబ్బెట్" అని గట్టిగా పిలిస్తే ఆయన చెయ్యి గోడను వెతుక్కుంటుంది. ఈ భవనం ఆయనకు ఇచ్చిన బహుమానం అదొక్కటే. ధైర్యవంతుల పటాలు వసారా నిండా ఉన్నాయి, వారి గురించి రాయడానికి వేరేవారు ఉన్నారు. భయపడుతూనే నిజం చెప్పిన ఒక్క మనిషితో ఇన్నేళ్ళు కలిసి పనిచేశామన్న గౌరవం మాకు చాలు. శ్రీ టిబ్బెట్ గారూ, శ్రీమతి హల్డా గారూ నిండు ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, దీర్ఘకాలం సుఖంగా జీవించాలనీ, ఇకపై వెనుక నుంచి ఆయన్ను పేరు పెట్టి పిలిచే గొంతులన్నీ భోజనానికి పిలిచేవే కావాలనీ మేమందరం మనసారా కోరుకుంటున్నాం.