మచ్చ పక్కన పది రూపాయల బిళ్ల

పేరు కంటే ముందు ఒక ప్రశ్న రాసుకోమని అడిగాను. మేజిస్ట్రేటు గారు సరేనన్నారు. మూడేళ్లుగా నేను మోస్తున్న ప్రశ్న ఇది. మా ఆయన బతకాలనే కోరుకున్నానా, లేక బతికి మంచం మీదే ఉండాలని కోరుకున్నానా?

నా పేరు తాళ్లూరి దీవెన. వయసు నలభై ఆరు. చనిపోయిన తాళ్లూరి ప్రేమ్ కుమార్ గారి భార్యను. ఎం.ఫార్మసీ చదివాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, మందుల భద్రత చూసే విభాగంలో పదహారేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. నివాసం నార్సింగిలో, అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు. పిల్లలు లేరు. ఈ వాంగ్మూలం ఇవ్వాల్సిన అవసరం నాకు లేదని, ఇస్తే నా మీదే వాడవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని ఒక రోజు గడువు కూడా ఇచ్చారు. మా లాయరు గారు "ఆ సమయంలో నాకేమీ గుర్తులేదు అనండి, చాలు" అన్నారు. గుర్తుంది. అందుకే చెబుతున్నాను.

నా పని ఏమిటంటే, ఎక్కడైనా ఎవరైనా ఒక మందు వాడి, వాళ్లకు ఏదైనా జరిగితే, ఆ రిపోర్టు మా దగ్గరికి వస్తుంది. జరిగినదానికి ఆ మందే కారణమా, ఇంకేదైనానా అని చదివి రాయాలి. రోజుకు పద్దెనిమిది రిపోర్టులు. కింద పడి తలకు దెబ్బ తగిలి చనిపోయినవాళ్ల రిపోర్టులు కూడా అందులో ఉంటాయి. చాలా చదివాను.

మా పెళ్లి 2003 మే నెలలో ఒంగోలులో జరిగింది. మొదటి దెబ్బ ఆ ఆగస్టులో. 2011లో నా ఎడమ చేయి విరిగింది. బాత్రూంలో జారానని ఆసుపత్రిలో రాయించాను. 2018లో ఇస్త్రీపెట్టె. కొట్టే ముందు ఆయన చేతి వాచీ, పెళ్లి ఉంగరం తీసి ఫ్రిజ్ మీద పెట్టేవారు. ఉంగరం ఉంటే అచ్చు పడుతుంది కదా. కోపంలో ఒళ్లు తెలియలేదని తర్వాత అనేవారు. వాచీ మటుకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కింద పడలేదు. ఆయన నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆఫీసులో గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదట.

2020 సెప్టెంబరులో వాళ్ల కంపెనీ చేయించిన రక్తపరీక్షలో తెల్లకణాలు డెబ్బై వేలు దాటాయి. క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా అన్నారు. నెమ్మదిగా నడిచే రక్త క్యాన్సరు. అప్పుడే మందు అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉందాం అన్నారు డాక్టరు గారు. 2021 చివరికి మెడ కింద గడ్డలు నిమ్మకాయలంత అయ్యాయి. హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడింది. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చునేవారు. అప్పటి నుంచి ఏడు నెలలు నన్ను కొట్టలేదు. చేయి ఎత్తితే ఆయాసం వచ్చేది. ఆ ఏడు నెలలూ నేను బాగా నిద్రపోయాను. ఇది కూడా రాయండి.

2022 ఫిబ్రవరి 7 నుంచి మాత్రలు మొదలుపెట్టారు. సెలైన్‌లో ఎక్కించే కీమో కాదు. ఆ క్యాన్సరు కణం బతకడానికి వాడుకునే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని ఆపే మందు. రోజూ ఒకే వేళకు మూడు, పనిచేసినన్నాళ్లూ మానకూడదు. పంపరపనస తినకూడదు. నొప్పి మాత్రలు అడగకుండా వేసుకోకూడదు. ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తాయి, రక్తం త్వరగా ఆగదు. తలకు దెబ్బ తగిలితే, బయటికి చుక్క రక్తం కనబడకపోయినా, అప్పటికప్పుడు స్కాన్‌కు తీసుకురావాలి. ఈ చివరి మాట డాక్టరు గారు నా వైపు తిరిగి చెప్పారు. నేను తల ఊపాను.

పది రోజుల్లో మెడ గడ్డలు కరిగిపోయాయి. మంచి మందు. ఇప్పటికీ అదే అంటాను. జూలై 16న హిమోగ్లోబిన్ 12.4 వచ్చింది. ఆ కాగితం చూసి సంతోషంతో ఏడ్చాను. ఆ సాయంత్రం ఆరున్నరకు ఆయన వాచీ తీశారు. కూరలో ఉప్పు గురించి.

నా చెంప రెండు రోజుల్లో మామూలైంది. ఆయన కుడిచేతి వేళ్ల కణుపులు మాత్రం వంకాయ రంగుకు తిరిగి రెండు వారాలు అలాగే ఉన్నాయి. మచ్చలు వస్తే ఫోటో తీసి తెమ్మని డాక్టరు గారు ముందే చెప్పారు. నేను ఆఫీసు పద్ధతిలో తీశాను. కొలత తెలియడానికి పక్కన పది రూపాయల బిళ్ల, కింద తేదీ, టైము. కారణం అన్న చోట "దానంతట అదే" అని రాశాను.

"ఏమైనా తగిలిందా సార్?" అని డాక్టరు గారు అడిగారు.

"లేదండి," అన్నారు మా ఆయన.

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నా రాతను నమ్మి డాక్టరు గారు మూడింటిలో ఒక మాత్ర రెండు నెలలు తగ్గించారు. మనిషి చేసిన దాన్ని మందు మీద వేశాను. మా విభాగంలో అలా రాసుకొచ్చిన వాళ్లను నేనే వెనక్కి పిలిచి మళ్లీ రాయించేదాన్ని.

ఇక 2025 మార్చి 9, ఆదివారం. మా చర్చి లింగంపల్లిలో. ఆరాధన పదింటికి. పదకొండున్నరకు సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేలును నలుగురి ముందు లేచి చెప్పడం. మా ఆయన లేచారు.

"డాక్టర్లు చేతులెత్తేశారండి. ప్రార్థన ఒక్కటే నన్ను నిలబెట్టింది. ఏ మందూ నన్ను బాగుచేయలేదు," అన్నారు.

అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరుసలో బుచ్చమ్మ గారని ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమెకూ ఇదే జబ్బు, ఇదే మాత్ర. ఆమె ఏడుస్తూ రెండు చేతులూ పైకెత్తారు. అంతలో పాస్టరమ్మగారు మైకు నా చేతిలో పెట్టి, "దీవెనమ్మా, నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా" అన్నారు. నేను బుచ్చమ్మ గారినే చూస్తూ చెప్పాను.

"ప్రార్థన చేశామండి. మాత్ర కూడా రోజూ వేశాం. ఒక్క రోజు మానలేదు. దయచేసి ఎవరూ మానొద్దు."

వెనక ఎవరో, "సారు మర్చిపోయినా మేడమ్ గుర్తు పెట్టుకుందిలే" అన్నారు. నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు.

ఒంటిగంటా ఇరవైకి ఇంట్లోకి వచ్చాం. వాచీ, ఉంగరం ఫ్రిజ్ మీదికి వెళ్లాయి. జుట్టు పట్టుకుని నా నుదురు వంటగది గట్టుకు రెండుసార్లు కొట్టారు. గట్టు మీద ఉప్పూ కారం పట్టించిన చికెన్ గిన్నె ఉంది. అది ఒలికి కారం నా కంట్లో పడింది.

"మైకు దొరికిందా నీకు? పెద్ద డాక్టరమ్మవా? ఏమే, జబ్బు నాదా, నీదా? నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేస్తావా?"

ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. కింద పడితే కడుపులో తన్నారు. మూడుసార్లు. జుట్టు పట్టి హాల్లోకి ఈడ్చి, లేపి, గొంతు పట్టుకున్నారు. రెండు బొటనవేళ్లూ ఇక్కడ, ఇక్కడ. మేజిస్ట్రేటు గారికి చూపించాను. ఊపిరి ఆడలేదు. కళ్ల ముందు నల్లబడింది. అప్పుడు రెండు చేతులతో ఆయన గుండెల మీద తోశాను. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. ఆయన వెల్లకిలా పడ్డారు. తల వెనక భాగం బాల్కనీ తలుపు గడప రాయికి తగిలింది. చప్పుడు విన్నాను.

ఐదారు సెకన్లు కదల్లేదు. తర్వాత లేచారు. తల తడిమి వేళ్లు చూసుకున్నారు. రక్తం లేదు. "అబ్బో, చెయ్యి లేస్తోందే నీకు" అని నవ్వి, నా చెంప మీద ఒకటి కొట్టి, "వండు, ఆకలేస్తోంది" అన్నారు. గోడ గడియారంలో 1:40.

వండాను. రెండుసార్లు వడ్డించుకున్నారు. ముక్క బాగా ఉడికిందన్నారు.

రెండున్నరకు పోచమ్మ వచ్చింది. మా ఇంట్లో గిన్నెలు తోముతుంది. నా ముఖం చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఇదేందమ్మా, మల్ల కొట్టిండా?"

"పడ్డాను పోచమ్మా."

"ఎన్నిపార్లు పడతవమ్మా? గీ ఇంట్ల నేల నీకొక్కదానికే జారుతదా? సారు ఒక్కపారన్న పడడేంది?"

"ఇవాళ ఆయన కూడా పడ్డారు."

"మంచిగైంది," అని గిన్నెల దగ్గరికి పోయింది. ఆ మాట అన్నందుకు పోచమ్మను ఎవరూ ఏమీ అనవద్దు. నేనూ నవ్వాను. చిట్లిన పెదవి మళ్లీ తెరుచుకుంది.

2:55కి పోచమ్మ వెళ్లిపోయింది. 3:05కి మా ఆయన తలనొప్పి అన్నారు. వెలుతురు గుచ్చుకుంటోంది, కర్టెన్ వెయ్యమన్నారు.

"ఏవండీ, తలకు తగిలింది. ఆ మాత్ర మీద ఉన్నారు. లోపల రక్తం కారుతుండొచ్చు. స్కాన్‌కు వెళ్దాం పదండి."

"వెళ్తే ఎలా తగిలిందంటారు. ఏం చెప్తావ్? మళ్లీ సాక్ష్యం చెప్తావా? కూర్చో అక్కడ."

నా ఫోను లాక్కుని దాంతోనే చెవి మీద కొట్టి, దిండు కింద పెట్టుకున్నారు. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. 3:20కి వాంతి చేసుకున్నారు. నేనే గిన్నె పట్టాను. మళ్లీ అడిగాను. గిన్నె నా ముఖాన కొట్టారు. 3:30కి పడుకున్నారు. గురక మొదలైంది. అది ఆయన మామూలు గురక కాదు.

వంటగది గోడకు సెక్యూరిటీ ఇంటర్‌కామ్ ఉంది. మంచం నుంచి పద్నాలుగు అడుగులు. తొమ్మిది నొక్కితే కింద నుంచి ఎవరో ఒకరు వస్తారు. నొక్కలేదు. ముఖం కడుక్కుని, కుర్చీలో కూర్చుని, ఉతికిన బట్టలు మడత పెట్టాను. ఆయన చొక్కాలు ఏడు.

నాలుగింటికి దిండు కింద ఫోను మోగింది. మాత్ర వేళకు నేను పెట్టుకున్న అలారం. ఆయన చెవి కిందే మోగుతున్నా కదల్లేదు. నేను అలవాటు కొద్దీ లేచి, మూడు మాత్రలు అరచేతిలో వేసుకుని, గ్లాసు నీళ్లతో మంచం పక్కన నిలబడ్డాను. అలారం మోగి మోగి ఆగింది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. మాత్రలు తడిసి అరచేతికి అంటుకున్నాయి. కనురెప్ప ఎత్తి చూస్తే ఒక కనుపాప పెద్దదై ఉంది. 108కి ఫోన్ చేశాను. ఫోనులో ఆ టైము 4:12.

ఆసుపత్రిలో నేను చెప్పిన మొదటి మాట ఆ మాత్ర పేరు. రెండో మాట, "నేను తోశాను." ఆపరేషన్ చేశారు. రక్తం ఆగలేదు. మార్చి 11 మంగళవారం ఉదయం పదకొండింటికి చనిపోయారు. ముందే తెచ్చి ఉంటే బతికేవారా అని అక్కడి డాక్టరు గారిని అడిగాను. "చెప్పలేనమ్మా. ఆ మందు మీద ఉన్నవాళ్లకు ముందే తెచ్చినా ఒక్కోసారి ఆగదు" అన్నారు.

సమాధికి ముందు స్నానం చేయిస్తుంటే మా బావగారు ఆనందరావు గారు ఆయన ఒంటి మీద మచ్చలు చూశారు. "చూడండయ్యా, ఎన్నాళ్ల నుంచి బాదుతోందో మా తమ్ముణ్ణి! జబ్బు మనిషండీ, జబ్బు మనిషి!" అని అక్కడే కూలబడి ఏడ్చారు. అదే ఫిర్యాదు రాసి ఇచ్చారు. ఆయన అబద్ధం ఆడలేదు. కళ్లకు కనబడింది చెప్పారు.

ఇన్‌స్పెక్టర్ సురేంద్ర గారు నా ఫోనులో నూట నలభై మూడు ఫోటోలు చూశారు.

"మేడమ్, ఇవన్నీ సారువే. మిమ్మల్ని కొట్టిండంటున్రు. మీయి ఒక్కటన్న ఏది?"

"తీయలేదండి."

"ఎందుకు తీయలే?"

"ఆ మందు వేసుకునేది నేను కాదు కదండీ."

ఆయన పెన్ను కింద పెట్టారు. "జర నీళ్లు తాగండి" అన్నారు.

తర్వాత ఆ ఫోటోలన్నీ నేను మళ్లీ చూశాను. నూట నలభై మూడింటిలో ఎనభై ఆరు కుడిచేతి కణుపులవి. పదకొండు కుడికాలి వేళ్లవి. ఆ తొంభై ఏడింటికీ తేదీల ఎదురుగా, ఆ రోజు నన్ను ఎక్కడ, దేనితో కొట్టారో రాసి ఈ వాంగ్మూలానికి జతచేశాను. "దానంతట అదే" అని నేను రాసినవి కొట్టేశాను. మిగతా నలభై ఆరు నిజంగానే మందు వల్ల వచ్చినవి.

బుచ్చమ్మ గారు మాత్ర మానేశారో లేదో నాకు తెలియదు. అడుగుదామంటే చర్చివాళ్లెవరూ నా ఫోన్ ఎత్తడం లేదు.

తోసినప్పుడు ఆయన్ను చంపాలనుకోలేదు. ఊపిరి కావాలనుకున్నాను. అది నాకు రూఢిగా తెలుసు. 3:30కి ఆయన తలలో రక్తం కారుతోందని కూడా నాకు తెలుసు. ఆ తర్వాతి నలభై రెండు నిమిషాల గురించే చెప్పలేకపోతున్నాను. లేస్తే మళ్లీ కొడతారన్న భయంతో కదల్లేదంటే, ఆ భయం నిజం. ఆయన ఇక లేవకపోతే బాగుండునని కూర్చున్నానంటే, కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక పూట మొదటిది నిజమనిపిస్తుంది, ఒక పూట రెండోది. పన్నెండు రోజులుగా ఇదే. నేను తేల్చలేకపోయాను.

ఇదంతా నేను చెప్పగా రాశారు. నేనే చదువుకున్నాను. రెండు చోట్ల టైము సరిదిద్దించాను. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనే రాయించాను.

(సంతకం) తాళ్లూరి దీవెన
2025 మార్చి 21, మధ్యాహ్నం 12:50