బాయిలరులో పోసిన పాలు

ఏ పేరు చదివావు? మళ్ళీ చదువు. ప్రేమయ్య అనా? ఆ పుస్తకం నీకెక్కడ దొరికింది? పాత బాయిలరు గదిలో, ఉప్పు బస్తాల వెనకనా? ఇటివ్వు. ఊఁ, ఆయన వ్రాతే ఇది. "ఉదయం ఆరు గంటలు. సబ్బు పరీక్ష. నురుగు నిలిచినది." చూశావా, ఒక్క కొట్టివేత లేదు. ముప్పైనాలుగు యేండ్లు కడపలో ఆడపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. నా దగ్గర పరీక్షలు గట్టెక్కిన వాళ్ళు కూడా ఇంత శుభ్రంగా వ్రాయలేదు. ఈయన ఏడో తరగతితో బడి మానిన మనిషి. కూర్చో శిల్పా. మన ఆసుపత్రి యంత్రాలన్నీ ఇప్పుడు నీ చేతిలో పెట్టారు కాబట్టి, వాటిని నీకంటె ముందు చూసుకున్న వాడెవరో నువ్వు తెలుసుకొని తీరాలి. ఈ ముసలి జేజి చెబుతూంటే ఆ ఫోను చూడవద్దు. అవతల పెట్టు.

మీ తాత ఆ ఆసుపత్రి కట్టించినప్పుడు కడపలో అన్ని అంతస్తులకూ చల్లగాలి ఉన్న కట్టడం మరొకటి లేదనేవారు. పైన మిద్దె మీద నీళ్ళు చల్లబరిచే టవరు, వెనక పెరట్లో కట్టెల బాయిలరు. ఆపరేషను గదికి కావలసిన కత్తులు, గుడ్డలు అన్నీ ఆ బాయిలరు ఆవిరితోనే శుద్ధి కావాలి. యంత్రాలు మద్రాసునుంచి వచ్చాయి, నీళ్ళు మాత్రం కడపవే కదా! మన నేల సంగతి నీకు తెలియనిదేముంది, బండలు కోసుకొని బ్రతికే దేశం, ఇక్కడ బోరులో నీళ్ళు కూడా సగం బండే. తెచ్చిన ఏడాదికే బాయిలరు గొట్టాల నిండా సున్నం పేరుకొని, రోగి పంటికి గార పట్టినట్టు పట్టింది. మద్రాసు ఇంజనీరు వచ్చి నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు మీ తాత వేంపల్లె దగ్గరి పల్లెనుంచి ప్రేమయ్యను పిలిపించారు. అంతకుముందు ఆయన ఏదో మిల్లులో బాయిలరు చూసేవాడు. వచ్చిన రోజున ఏమడిగాడనుకున్నావు? జీతమెంత అని కాదు. "అమ్మా, ఈ బోరు నీళ్ళల్లో మీ ఇంట్లో కందిపప్పు ఉడుకుతాందా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా వంటను గురించి అడగడానికి ఇతడెవరు? "ఉడకదు, సోడా ఉప్పు వేస్తాము," అన్నాను. "అట్లైతే బాయిలరుక్కూడా పనికిరావు. పప్పుకు పట్టని నీళ్ళు ఇనుముకు యాడ పడతాయి?" అన్నాడు. అంతే. మరునాటికల్లా నీళ్ళలోని సున్నం లాగి మెత్తబరిచే తొట్టి కావాలని మీ తాతకు చీటీ వ్రాసి ఇచ్చాడు.

ఏమిటీ, ఇప్పుడు మీటరు పెడితే అంకె వస్తుందా? రానీ. ఆయనకు మీటరు సీసాయే. చిన్న సీసాలో నీళ్ళు పట్టి, నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు వేసి, చెవి దగ్గర పెట్టుకొని కుదిపేవాడు. నురుగు నిలిస్తే బాయిలరుకు వదిలేవాడు. విరిగితే ఉప్పు కలిపి తొట్టి కడిగేవాడు. రోజుకు రెండుసార్లు బాయిలరు అడుగు వాల్వు తిప్పి బురదనీళ్ళు బయటికి వదిలేవాడు. మా మరిది భూపేష్ ఉన్నాడు చూడు, ఆసుపత్రి మేనేజరు, "కాగిన నీళ్ళను కాలవపాలు చేస్తాండావు, కట్టెలు మీ నాయన తెస్తాడా?" అని ఎగిరేవాడు. ప్రేమయ్య నవ్వి, "సారూ, ఆవిరయ్యి పొయ్యేది నీళ్ళే, సున్నం మాత్రం అల్లుడి మాదిరి ఈడనే తిష్ట వేస్తాది," అనేవాడు. భూపేష్ అప్పటికి తన అత్తవారింట్లో ఇల్లరికం అల్లుడు! నర్సు విశ్వాసమ్మ కొంగు నోట్లో కుక్కుకొని పారిపోయింది. ఇక మిద్దెమీది టవరు సంగతి. మే నెలలో కొండ మీది కోతులన్నీ వచ్చి దాని తొట్టిలో జలకాలాడేవి, కడప ఎండలో వాటికి మాత్రం అంతకంటె చల్లని చోటు ఏది? ప్రేమయ్య వల కట్టి, పాచి గీకి, మందు వేసి... సరే, కోతుల మాట తరువాత. నేను చెప్పదలచినది అది కాదు.

ఆయుధపూజ నాటి మాట. నీవు అప్పటికి పుట్టలేదు. ఆనాడు వేంపల్లెనుంచి మన వాళ్ళు పెద్దలందరూ దిగారు. ప్రతి యంత్రానికి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టడం మన ఆచారం. ప్రేమయ్య క్రైస్తవుడు కదా, పూజలో నిలబడడు. అయితే చెప్పులు మాత్రం గది బయటే విడిచి, తల వంచుకొని వేపచెట్టు క్రింద నిలబడేవాడు. అంత మర్యాద తెలిసిన మనిషి. బాయిలరుకు పూజ ముగిసింది, టవరుకు బొట్టు పెట్టడానికి అందరూ మిద్దె మీదికి వెళ్ళారు. నేను వెనకబడ్డాను. నా చేతిలో నైవేద్యం ఆవుపాలు రెండు శేర్లు మిగిలి ఉన్నాయి. కొత్త ఇంట్లో పాలు పొంగిస్తాము కదా, పొంగితే ఆ ఇంటికి కలిసివస్తుందని. ఈ ఆసుపత్రికి పొయ్యి ఏది? బాయిలరే కదా! అందులో పాలు పొంగితే ఇక లోటేమున్నది అని నాకు తోచింది. బాయిలరుకు నీళ్ళు పోయే తొట్టి మూత తీసి, చెంబెడు పాలూ వంచేశాను. తొట్టి అంచున మూడు వేళ్ళతో పసుపు, కుంకుమ కూడా దిద్దాను. నవ్వకు. నీవు ఇంజనీరువు, నేను కాదు.

పాలు పొంగాయి. పొంగక ఏమవుతాయి? అరగంటలో విశ్వాసమ్మ మేమున్న మిద్దె మీదికి పరుగెత్తుకొచ్చింది. "ఆపరేషను గుడ్డలు ముద్దముద్దగా తడిసినాయమ్మా! ఆవిరి రావాల్సిన గొట్టంలో నీళ్ళొస్తాండాయి!" అని. లోపల ఒక గర్భిణి ఆపరేషనుకు సిద్ధంగా ఉంది. అందరం క్రిందికి దిగాము. ప్రేమయ్య బాయిలరు ముందర నిలబడి, నీటిమట్టం చూపే గాజు గొట్టం వంక చూస్తున్నాడు. అందులో నీళ్ళు లేవు, నురుగు ఎగిరెగిరి పడుతోంది. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో తెలిసే వీలే లేదు. నీళ్ళు తగ్గి గొట్టాలు కాలితే ఏమవుతుందో నీకు నేను చెప్పనవసరం లేదు. "నిప్పు ఈడ్చేయాల," అన్నాడు. భూపేష్ మండిపడ్డాడు. "పండగ పూట, పెద్దోళ్ళ ముందర, బొట్టు పెట్టిన పొయ్యి ఆర్పుతావా? ఆర్పినావంటే రేపట్నుంచి గేటు తొక్కద్దు!" ప్రేమయ్య నిప్పులు లాగే పొడుగు ఇనుప గోరు తీసుకొని, మండే కట్టెలన్నీ గచ్చుమీదికి లాగి, బక్కెట్లతో నీళ్ళు కుమ్మరించాడు. గది నిండా పొగ. అపశకునం, అపశకునం అని పెద్దలు గొణిగారు. ఆ పొగలోనే ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. లోపల నీళ్ళు కుడితిలా తెల్లగా ఉన్నాయి. అంచున నా మూడు వేళ్ళ గుర్తులు. ఒక్కసారి నా వంక చూశాడు. భుజం మీది తువాలతో ఆ గుర్తులు తుడిచేశాడు. "ఏం పడిందిరా దాంట్లో?" అని భూపేష్ అరిచాడు. "తెలీదు సారూ," అన్నాడు. "తెలీదా? తాగి పండుకున్యావా?" అన్నాడు మా మరిది. పాతికమంది విన్నారు. నేనూ విన్నాను. నేను ఏమీ అనలేదు.

ఆ తల్లీబిడ్డా బ్రతికారు. కరెంటుతో నడిచే చిన్న పెట్టె ఒకటి ఉండేది, దానిలో కత్తులు శుద్ధి చేసి, రెండు గంటలు ఆలస్యంగా ఆపరేషను కానిచ్చారు. బాయిలరు చెడలేదు. చెడింది ప్రేమయ్య పేరు. చుక్క ముట్టని మనిషి, వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. "తాగి నిప్పు ఆర్పినాడంట" అన్న మాట ఆయన బస్సుకంటె ముందే పల్లెకు చేరింది. ఆ ఆదివారమే సంఘపెద్దల పట్టీలోంచి ఆయన పేరు తీసేశారు. ఆ సంగతి విశ్వాసమ్మ చెప్పగా విని, నేను మరునాడే కారెక్కాను. ఇంటి ముందు ఆయన భార్య జ్ఞానమణి చెనిక్కాయలు ఒలుస్తోంది. లేచి నీళ్ళిచ్చింది, పీట వేసింది, మళ్ళీ కాయల దగ్గరికే వెళ్ళి కూర్చుంది. "తిరిగి రా ప్రేమయ్యా. నేను భూపేష్‌తో చెప్పాను, పాలు పోసినది నేనే అని," అన్నాను. "యాడ చెప్పినారమ్మా?" "ఆయన గదిలో." "తలుపేసుకోని చెప్పినారా?" అన్నాడు. నేను తల వంచుకొని నీళ్ళు త్రాగాను. "నన్ను అన్నది అందరి ముందరమ్మా," అన్నాడు. తానే మళ్ళీ అన్నాడు, "పోనీలెండి. ఈ పొద్దు గాకపోతే ఇంగో పొద్దు చెప్తారు. పిల్లోళ్ళకు చదువు చెప్పే అమ్మ గదా మీరు. బాయిలరు ఎవురు చూస్తాండారు? నీళ్ళు పరీక్ష చేస్తాండారా, లేదా?"

వచ్చాడు. ఇంకా పన్నెండు యేండ్లు చేశాడు. తొట్టి కడిగాడు, బాయిలరు కడిగాడు, ఆ పుస్తకంలో రోజూ వ్రాశాడు. మద్రాసు ఇంజనీరు మళ్ళీ వచ్చి, గొట్టాల్లోకి దీపం పట్టి చూసి, కొత్తదా ఇది అని అడిగాడు. అంత గొప్పగా నిలబెట్టాడు. అయితే భూపేష్ మాత్రం, "పెద్ద మనసు చేసి తీసుకున్యాము" అని అందరికీ చెప్పుకున్నాడు. అదే లోకంలో నిలిచింది. ప్రేమయ్య నా ముందు ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆయన పోయినప్పుడు వెళ్ళాను. చర్చిలో పాస్టరుగారు, "అమ్మగారు రెండు మాటలు చెబుతారు," అన్నారు. నేను మాట్లాడితే ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. అరగంట మాట్లాడాను, కాగితం చూడకుండా. సమయపాలన, సత్యసంధత, సబ్బు సీసా. కోతుల కథ చెప్పి నవ్వించాను కూడా. ముందు బల్ల మీద జ్ఞానమణి తలెత్తి నా నోటి వంకే చూస్తోంది. ఏడవడం కూడా మానేసి చూస్తోంది. ఊరంతా అక్కడే ఉన్నది, ఆయనను పట్టీలోంచి తీసేసిన వాళ్ళతో సహా. ఒక్క వాక్యం చాలు. నేను అందరికీ నమస్కరించి వచ్చి కూర్చున్నాను.

ఎందుకా? ఎందుకని నీవు అడగవలసిన పని లేదు. నాకు నోరు లేదని గాని, భయమని గాని ఇంతవరకు ఎవరూ అనలేదు.

వాళ్ళ అబ్బాయి ఏసన్న మొన్న బజారులో కనిపించాడు. అమ్మ ఇంకా ఉంది, చూపు తగ్గినా ఆదివారం మాత్రం చర్చి మానదు అన్నాడు. ఊఁ. ఎల్లుండి ఆదివారమే కదా? నీకు సెలవేనా? వేంపల్లెకు కొత్త రోడ్డు పడిందంటున్నారు. ఇప్పుడు ఎంతసేపు పడుతుంది?