మళ్ళీ పన్నెండే

కైకలూరు దగ్గర పెర్సిస్ గారి రొయ్యల చెరువు గట్టు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లను వేళకి తిప్పే పెట్టె మూత తీసి ఉంది. దాన్ని తయారుచేసిన హేమంత్‌కుమార్ ఏలూరు నుంచి రావడం ఇది నాలుగోసారి.

"మెయిన్ స్విచ్ ఆపి, తిరిగి వేశాను బాబూ. మళ్ళీ పన్నెండే చూపిస్తోంది."

"చూస్తున్నానండి. నాకూ కళ్ళున్నాయి."

"కోప్పడకండి. పొద్దున తొమ్మిదింటికి కరెంటు పోయొచ్చినా ఇంతే. మీ గడియారం అర్ధరాత్రికి పోయి కూర్చుంది. దానికి రెండయ్యేసరికి మనకి పదకొండు. తెల్లవారుజామున రెండింటికి తిరగాల్సిన ఏరేటర్లు పట్టపగలు తిరిగితే ఏం లాభమండీ?"

"తెలుసండి. నేనే కదండీ చేసింది."

"మొన్న గాలి చాలక రొయ్యలన్నీ పైకి తేలాయి. మా కాపలా వీరాస్వామి చూడబట్టి సరిపోయింది. పట్టుబడికి ఇంకా ఇరవై రోజులుంది. ఒక్క రాత్రి తేడా వస్తే చెరువు చెరువంతా పోతుంది."

"ఇవాళ తేల్చేస్తానండి. ఇంకో బోర్డు తెచ్చాను, మార్చి..."

"బోర్డు మూడుసార్లు మార్చారు."

"ప్రోగ్రామూ మళ్ళీ రాశానండి. మొదటినుంచీ."

"బ్యాటరీ చూశారా?"

"తప్పు బ్యాటరీది కాదండి. బోర్డుకో కొత్త బిళ్ళ బ్యాటరీ. కరెంటు పోయినా గడియారం ఆగకూడదనే కదండీ అది పెట్టేది."

"చూశారా అని అడిగాను."

"మా అమ్మ స్వయంగా బిగించి ప్యాక్ చేస్తుందండి. తేడా రాదు. మీవాళ్ళెవరైనా కెలికారేమో, తడి చేతుల్తో..."

"సీలు వేసింది మీరు, ఇప్పుడు పీకింది మీరు. మావాళ్ళనంటారేంటండీ?"

"...తప్పేనండి. ఏమనుకోకండి. గణపవరం నుంచి ఐదు పెట్టెలు వెనక్కొచ్చేశాయి. ఇది ఆరోది. ఇదీ వెనక్కొస్తే కొట్టు మూసుకోవడమేనండి. ఏం చేసినా నిలబడట్లేదు."

"ముందు ఆ బిళ్ళ తియ్యండి. నా తృప్తి కోసం."

"తీస్తున్నానండి... ఇదేంటి? క్లిప్పు కింద పచ్చగా..."

"తుప్పా?"

"తుప్పు కాదండి. ఎండి అట్టకట్టింది. మధ్యలో ఎర్రగా... ఏవండీ, ఇది పసుపూ కుంకుమండీ. బొట్టు. ఇది అడ్డుంటే కరెంటు ఎలా అందుతుంది? మీ ఇంట్లో ఎవరు పెట్టారండి?"

"మా ఇంట్లోనా? మూడు తరాలుగా చర్చికెళ్తున్నాం బాబూ. మా ఇంట్లో పసుపు చేపల పులుసులోకే."

"తుడిచి పెట్టానండి. టైము సరిచేశాను. ఒక్కసారి మెయిన్ ఆపి, తిరిగి వెయ్యండి."

"వేశాను. ఎంత చూపిస్తోంది?"

"...పదకొండూ పదిహేడు."

"నా వాచీలోనూ అంతే. మరి ఆ బొట్టు ఎవరు పెట్టినట్టు?"

"ఒక్క నిమిషమండి... హలో, అమ్మా? బ్యాటరీలకి బొట్టు పెడుతున్నావా?"

"స్పీకర్లో పెట్టండి బాబూ, నేనూ వింటాను."

"పెట్టకుండా ఎలా పంపుతాన్రా? కొత్త వస్తువు."

"అన్నిటికీనా?"

"మొదటి పెట్టె నుంచీ. నువ్వు కసురుకుంటావని అడుగువైపు పెట్టేదాన్ని. అయినా అన్నీ వెనక్కొస్తూనే ఉన్నాయి, నువ్వేమో అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఒక్క బొట్టు చాలట్లేదేమోనని, ఇవాళ్టి బోర్డుకి రెండువైపులా పెట్టాను నాన్నా."