వెనక్కి తిరిగిన పైలటు

సెలవురోజు మధ్యాహ్నం. కిటికీ దగ్గర బల్ల మీదికి వంగి, పాత సామాన్ల కొట్లో కొన్న ప్లాస్టిక్ బొమ్మ విమానం అతుకుల్ని చిన్న కత్తితో గీకి విడదీస్తున్నాడు భర్త. ఆయన వీపు చూస్తూ భార్య మంచమ్మీద బట్టలు మడతపెడుతోంది.

"ఎవడతికించాడో గానీ, మహానుభావుడు! రెక్కలు తలకిందులు. జిగురంతా కారి గడ్డకట్టింది."

"పారేసి కొత్తది కొనుక్కోరాదూ?"

"కొత్తది ఎవరైనా చేస్తారు. అరె, పైలటుని వెనక్కి తిప్పి కూర్చోబెట్టాడే!"

"వెనక సీట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఇంకో మనిషున్నాడు."

"అయితే తప్పేం చేయలేదు. అంతదూరం వీపు చూస్తూ ఏం కూర్చుంటాడని, ఎదురెదురుగా పెట్టాడు పాపం."

"మరి విమానం ఎవడు నడుపుతాడే?"

"ఇంట్లో మీరే నడుపుతున్నారుగా. వెనక సీటు సంగతి నాకు తెలుసు."

గీకుడు చప్పుడు ఆగిపోయింది.

"పొద్దుణ్ణించీ ఏదో చెప్పబోయి మింగేస్తున్నావు, ఇదేనా?"

"పొద్దుణ్ణించీ కాదండీ. పిల్ల బడికెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచీ."

ఆయన పైలటుని అలాగే వదిలేసి, చేతిలో కత్తితోనే కుర్చీ ఇటు తిప్పాడు.

"చెప్పు, వింటాను."

"ముందా కత్తి కింద పెట్టండి. నేను మళ్లీ ఉద్యోగంలో చేరుతున్నాను."