పీఠానికి పొదిగిన పింగాణీ తట్టలు

యాడిది పాపా ఆ ఫోటో? వేలాంగన్నిదా? ఇట్ల తే, సూస్తా. ఆఁ, అదే. తెల్లగ ఎంత బాగుందో సూడు. మన ఊరి మాత గుడి దానికి తమ్ముడే, తెల్సా? నవ్వద్దు హెప్సిబా. దానికి రెండు గోపురాలు, మనదానికి ఒకటే, అదీ పొట్టిది. రెండోదానికి రాయి చాల్లేదు, అంతే. కట్టినోడు ఆదోని మేస్త్రీ బడే సాబు. నువ్వు పుట్టకముందే పోయినాడులే.

అప్పుడు మాకు కృపానందం ఫాదరు. ఆయప్ప వేలాంగన్నికి పోయొచ్చినప్పటి నుంచి అదే పాట. పోర్చుగీసు ఓడోళ్లు తుపాన్లో చిక్కుకున్యారంట, మాతకు మొక్కుకున్యారంట, సరిగ్గా మాత పుట్టినరోజే ఒడ్డున పడినారంట. ఆడ ఉండే కొట్టం తీసేసి గుడి కట్టినారంట. మళ్లొచ్చినప్పుడు పింగాణీ తట్టలు తెచ్చి పీఠానికి పొదిగినారంట. మనదీ అట్లనే ఉండాలని ఆయప్ప పట్టు. మన ఆస్పరి పక్క సముద్రం యాడిది, ఓడ యాడిది, తాగేకే నీళ్లు లేవు. సరే, బడే సాబును పిలిపించి క్యాలెండర్లో బొమ్మ సూపించినారు. 'ముందర మాత్రమే ఉంది ఫాదర్ సాబ్, ఎనకేముందో ఎవరికి తెల్సు? బొమ్మ సూసి కట్టేకి ఇదేమన్నా పెండ్లి పందిరా?' అన్యాడు. ఇంగేముంది, నన్ను తోడిచ్చి పంపినారు. ఇద్దరం రైలెక్కి పోయినాం. ఆడ జనమంతా మొక్కుకుంటాంటే ఈయప్ప గోడలు తడుముతాడు, జేనలేసి కొలుస్తాడు. నాకు సిగ్గు! వాకిండ్ల మీద మొన తేలిన కమాన్లు సూసి, 'ఇవి నాకు కొత్తనా సామ్సనూ, మా మసీదులో కట్టలేదా' అని నవ్వినాడు. పీఠం కాడ మాత్రం బైబిలు బొమ్మలుండే ఆ తట్టలనే సూస్తా నిలబడినాడు.

వచ్చినాక గోడలు లేసె, కమాన్లు లేసె, సున్నం కొట్టె. మాత పండగ నాటికి పీఠానికి ఆరు తట్టలు! నీలం పూలు, అంచుకు బంగారు గీత. యాడివి సాబూ అంటే, 'బొమ్మలుండేవి నా చేతికి రావు, పూలుండేవి తెచ్చినా' అన్యాడు. ఇంగా గట్టిగ అడిగుంటే బాగుండు.

పండగ పూజ జరుగుతాంటే వాళ్లావిడ కరీమున్నీసా బస్సు దిగి వచ్చె. ఆ వారంలో కూతురు ఫర్హానాను సూసేకి పెండ్లోళ్లు వస్తాండారంట. పుట్టింటోళ్లిచ్చిన తట్టలు తీద్దామని పెట్టె తెరిస్తే పాతగుడ్డలే ఉండాయంట. మొగుని పేరు పలకరు కదా వాళ్లు, 'ఓ ఫర్హానా అబ్బా', అంటే ఫర్హానా నాయనా, అనుకుంటా సక్కగ పీఠం కాడికే వచ్చె. 'వియ్యంకులకు బిర్యానీ పెట్టాల్సిన తట్టలు గోడకు పెడ్తివా?' అనె. ఫాదరు ప్రసంగం ఆడికి ఆగిపాయె. నవ్వు ఆపుకోలేక మేము సస్తాండాం. బడే సాబు తల వంచుకోని, 'ఓడోళ్లు సముద్రం దాటి తెచ్చినారు. నా ఇంట్లో అంత మంచివి ఇవే' అన్యాడు.

ఫాదరు పాపం భయపడి ఉలి తెప్పించినాడు, పెరికిస్తానని. ఉలి ఆనిస్తానే ఆయమ్మకు కండ్లల్లో నీళ్లు తిరిగె, యాడ పగులుతాయో అని. చానాసేపు సూసి, కొంగుతో ఒక తట్ట మీద సున్నం తుడిసి, 'ఉండనీండి. కానీ తోమేది నేనే. ఇంగెవరూ ముట్టద్దు' అనె. ఫర్హానా సంబంధమా? ఇస్తరాకుల్లో తినే ఒప్పుకున్యారులే.

అప్పటినుంచి ఏటేటా పండగ ముందురోజు మొగుణ్ని ఎంటబెట్టుకోని దిగుతాండె. నీళ్లు నేను తెచ్చిస్తాంటి. ఒక్కో తట్ట తోముతా ఒక్కో తిట్టు. దొంగ మేస్త్రీ అంటాది, పెండ్లాం పెట్టెకు కన్నమేసి మాత దగ్గర మంచోడైనావు అంటాది. ఆయప్ప కింద కూసోని పెండ్లికొడుకు మాదిరి వింటాండె. పూజకు రానోళ్లు కూడా ఆ తిట్లకు వస్తాండ్రి. ఫాదరు తలుపు సాటున నిలబడి నవ్వుతాండె.

బడే సాబు కన్నుమూసిన యేడు ఆయమ్మ ఇంగ రాదనుకుంటిమి. మొగుడు పోతే ఇద్దత్తని నాలుగు నెలల పది దినాలు గడప దాటరు కదా వాళ్లు, అది తీరిన వారానికే పండగొచ్చె. ఒంటరిగ బస్సు దిగె. మేమంతా మామూలుగ సేరితిమి. ఒక తట్ట తోమె. రెండోది తోమె. మాట లేదు. ఆరూ అయిపాయె. నాకు ఉండబట్టక, 'ఏందమ్మా, ఈసారి ఏమీ అనలే' అంటి.

'ఇనేటోడు లేడు కదప్పా' అనె.

...ఎండ ఈడికొచ్చె. మంచం అట్ల జరుపు పాపా.