తలుపు ఎటు తెరుచుకోవాలి

ముందు నాకొక సంగతి చెప్పండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి వచ్చి ఈ కుర్చీల్లో కూర్చునేదాకా మిమ్మల్ని కింద పడెయ్యకుండా మోసిన మెట్లలో ఒక్కదాని మొహమైనా మీకు గుర్తుందా? ఉండదు. కాలు మడతపడితే మాత్రం ఆ మెట్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతారు, దాన్ని కట్టినవాడి వంశాన్ని కూడా వదలరు.

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరుగారికి, ముఖ్య అతిథిగా దయచేసిన కట్టడాల కమిటీ పెద్దాయనకు, డాక్టర్లకు, నర్సమ్మలకు, ఆయాలకు, వెనక గోడకు చేరగిలబడి టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వంక చూస్తున్న సోదరులకు నా వందనాలు. నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. నన్నెరిగినవాళ్లు అలాంటి ఆశ పెట్టుకోరు. (నవ్వులు)

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, నేను ఈ ఆసుపత్రి ఉద్యోగిని కాను, జీతం లేని బోధకుణ్ణి. వార్డుల్లో తిరుగుతాను, ప్రార్థన కావాలన్నవాళ్ల పక్కన ప్రార్థన చేస్తాను, వద్దన్నవాళ్ల పక్కన ఊరికే కూర్చుంటాను. వాక్యం నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. చంకలో ఉన్న ఈ అట్ట ఊడిన లేఖనమే చెప్పింది. ఇవాళ రిటైరవుతున్న భవనాల ఇంజనీరుగారి గురించి మాట్లాడమని నన్నెందుకు పిలిచారంటే, ఆయనతో నాకున్నంత పాత తగాదా ఈ హాల్లో ఇంకెవరికీ లేదు.

కొలిచే టేపు జేబులో లేకుండా కనపడరు కాబట్టి ఆయన్ని మీరంతా టేపుగారంటారు. ఆయన వినరనుకుని అంటారు, ఆయన వింటూనే ఉన్నారు. మనుషులు ఎదురైతే మొహం చూసి పలకరిస్తారు కదా, ఈయన మోకాళ్లు చూసి పలకరిస్తారు. ఏ మెట్టు దగ్గర ఎవరు కాలు ఎంత కష్టంగా ఎత్తుతున్నారో చూసి, మర్నాటికల్లా మేస్త్రీని తీసుకొచ్చి ఆ మెట్టును రెండు చేయిస్తారు. పాత వార్డులో మెట్లు అయిపోయాక కూడా చేతికమ్మీ ఇంకాస్త ముందుకు సాగి ఉంటుంది, చూశారా? చూసి ఉండరు, పట్టుకుని ఉంటారు. ఆఖరి మెట్టు అయిపోయిందో లేదో తెలియక తడుముకునే ముసలి చేతి కోసం అది అక్కడుంది. మంచం మీద పడుకున్నవాడు పక్కకు తిరక్కుండానే అందుకునేచోట స్విచ్చు ఉంటుంది. ఇదంతా చేసిన మనిషికి మనం ఇంతవరకూ ఒక్క దండం పెట్టలేదు, ఇవాళ ఒక గోడగడియారం చేతిలో పెట్టాం. రేపటినుంచి పనిలేని మనిషికి టైము చూసుకోమని గడియారం ఇవ్వడం ఎవరి ఆలోచనో గానీ, వారికి క్షమాపణ దొరుకుగాక. (నవ్వులు)

ఈయన భార్య, మా చెల్లెమ్మ, ఇందాక నాతో అంది: "మా ఇంట్లో వంటగట్టు నా మోచేతికి కొలిచి కట్టించారన్నయ్యా. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను నిలబెట్టి తేరిపార చూసింది ఆ ఒక్కపూటే." ఈ మాట ఇక్కడ చెప్పొద్దని కూడా అంది.

మా తగాదా ఎలా మొదలైందో చెబుతాను. ఒక ఆదివారం ఆయన మా ప్రార్థన మందిరానికి వచ్చి, ప్రసంగమంతా కళ్లు మూసుకోకుండా విని, అయిపోయాక వేదిక ఎక్కి టేపు తీశారు. "బోధకుడుగారూ, మీరు నరకం గురించి చెప్పేటప్పుడు వెనక్కి వెనక్కి నడుస్తారు. మీ నరకం ఇంకా మిగిలుండగానే ఈ వేదిక అయిపోతోంది," అన్నారు. మరుసటి వారానికి నా వెనక ఒక కమ్మీ వెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇనుము మీద ఆనుకునేవాడు దేవుడి మీద ఆనుకోడని ఆ రోజంతా గొంతు చించుకుని బోధించాను. చివరికొచ్చేసరికి ఆయాసం వచ్చింది, కమ్మీ మీదే ఆనుకున్నాను. సంఘమంతా చూసింది. (నవ్వులు)

తర్వాత సంగతి మా అక్కది. ఇదిగో, ముందు వరసలోనే ఉంది. "నా సంగతి చెబితే చెప్పావు గానీ, నా బరువు ఊసెత్తకురా," అంటోంది. ఎత్తక తప్పదక్కా, ఈ కథంతా దాని మీదే నడుస్తోంది.

అక్క ఆపరేషనయ్యి పాత వార్డులో ఉండగా, తెల్లారి బాత్రూములోకి వెళ్లి కళ్లు తిరిగి పడిపోయింది. చిన్న గది, పెద్ద మనిషి, పడటం పడటం తలుపుకే అడ్డంగా పడింది. చప్పుడు విని ఆయా పరిగెత్తుకొచ్చి, బయటినుంచి గడియ తిప్పి తలుపు లాగింది. తలుపు బయటికి తెరుచుకుంది, అక్క ఆయా చేతుల్లోకి ఒరిగింది, డాక్టరు వచ్చారు, ఊపిరి అందించారు. నేను దాన్ని అద్భుతమన్నాను. వీధివీధినా, మైకు దొరికినచోటల్లా దేవదూత వచ్చి తలుపు తెరిచాడని చెప్పాను. ఒకరోజు వెనక వరసలోంచి ఈయన లేచి, "ఆ దేవదూతకు బందులు నేనే బిగించానండీ," అన్నారు.

అప్పుడు వివరించారు. బాత్రూము తలుపు లోపలికి తెరుచుకునేలా పెడితే, పడిపోయిన మనిషి ఒళ్లే తలుపుకు అడ్డం పడుతుంది. బయటివాళ్లు ఎంత తోస్తే ఆ మనిషికి అంత దెబ్బ. తలుపు విరగ్గొట్టేసరికి లోపల ప్రాణం ఉండదు. అందుకని ఆసుపత్రిలో ఆ ఒక్క తలుపు బయటికే తెరుచుకోవాలి. నేనన్నాను, అయినా అద్భుతమేనండీ, దేవుడే మీ చేత చేయించాడు అని. "సరే, మీ పుస్తకంలో కట్టడాల మాట ఏమన్నా ఉందా?" అన్నారు. తీసి చదివాను: కొత్త ఇల్లు కడితే దాని మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టు, ఎవడైనా అక్కణ్ణించి పడి చస్తే ఆ రక్తం నీ ఇంటి మీదికి వస్తుంది. ఆయన రెండోసారి చదివించుకుని, "ఇది రాయించినాయన ఎవరో గానీ సైటు మీద పనిచేసినవాడే," అన్నారు. దేవుడికి అంతకన్నా మంచి స్తోత్రం నేనింతవరకూ వినలేదు.

ఇప్పుడిక మర్యాద మాటలు అయిపోయాయి.

మన కొత్త వార్డు రేపు పొద్దున తెరుస్తున్నారు. పాత వార్డు రోగులందర్నీ అందులోకి మారుస్తారు. మొన్న దాన్ని ఆశీర్వదించమంటే వెళ్లాను. నాలుగు బాత్రూములున్నాయి. నాలుగు తలుపులూ లోపలికి తెరుచుకుంటాయి. ఇంజనీరుగారి డ్రాయింగులో అలా లేదు. నేను కమిటీ పెద్దాయన్ని అక్కడే అడిగాను. వారేమన్నారో వారి ముందే చెబుతున్నాను, తప్పయితే ఆపండి.

"తలుపులు వరండాలోకి తెరుచుకుంటే వరస చెడిపోతుందండీ. వార్డు తెరిచేనాడు ఫోటోలు తీస్తారు కదా, నున్నగా, బారుగా కనపడాలి."

"మరి లోపల మనిషి పడితే?"

"అస్తమానం పడతారా ఏంటండీ జనం?"

పక్కనే ఉన్న ఇంజనీరుగారు నోరు తెరవబోతే, "మీరు ఎల్లుండి ఇంటికెళ్లిపోతున్నారు కదా, ఇంకా మీకెందుకీ గొడవ," అన్నారు. ఆయన తలుపు ఒకసారి తోసి చూసి, వెనక్కి వచ్చేశారు. ఆయన అలా రావడం నేనెన్నడూ చూడలేదు. నాతో దెబ్బలాడినప్పుడు కూడా ఆఖరి మాట ఆయనదే అయ్యేది.

పెద్దాయనా, కోపం తెచ్చుకోకండి. మీ మీద నాకు పగ లేదు. మీరు ఎంతో కష్టపడి ఆ వార్డు కట్టించారు. కానీ రేపు అందులోకి వెళ్లేవాళ్లు నిన్న కోత కోయించుకున్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు, సిగ్గుపడి ఆయాను పిలవకుండా ఒంటరిగా లేచి వెళ్లేవాళ్లు. మా అక్కలాంటివాళ్లు. వాళ్లలో ఒకరు ఆ తలుపు వెనక పడితే, మీరూ నేనూ బయట నిలబడి తోస్తూ ఉంటాం. ఆ రక్తం ఎవరి ఇంటి మీదికి వస్తుందో లేఖనం చెప్పేసింది.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ముగించమని. ముగిస్తున్నానండీ. ఒక్క విషయం. ఇంజనీరుగారి సంతకం ఇవాళ ఆఫీసు మూసేదాకా చెల్లుతుంది. ఆ తర్వాత ఆయన కూడా మనలాంటి మామూలు మనిషే. వడ్రంగి తమ్ముడు అక్కడ వెనకాలే ఉన్నాడు. తమ్ముడూ, బందులు ఇటు నుంచి అటు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?

"తలుపును ఆపే చెక్క పట్టీలు ఊడదీసి ఇవతలికి కొట్టాలయ్యగారూ. తలుపులు మొయ్యడానికి జనం ఉంటే సాయంత్రానికల్లా అయిపోద్ది."

విన్నారు కదా. ఇంజనీరుగారూ, మీ గురించి మేం పొగిడింది చాలు, లేచి తలుపులు మార్చమని సంతకం పెట్టండి. పెద్దాయనా, మీరు కూడా రండి, ఫోటో తలుపు మోస్తుండగా తీయిద్దాం, మీకదే అందం. డాక్టరుగారూ, టీ వార్డు దగ్గరికే పంపించండి. నా మాటలు ఓపిగ్గా విన్నందుకు, విననందుకు కూడా, అందరికీ కృతజ్ఞతలు. సెలవు తీసుకుంటున్నాను, కానీ కూర్చోను, తిన్నగా అక్కడికే వెళుతున్నాను. చేతులున్న ప్రతివాళ్లూ నా వెనకాల రండి. రేపు కాదు, భోజనాలయ్యాక కాదు. ఇప్పుడే లేవండి.